ఫట్‌ఫటి మీద అవ్వ, రెండు పక్కల సంచులు

మొన్న నా మనుమరాలు హైదరాబాద్‌కెళ్లి వచ్చింది. వచ్చుడే పెద్ద మోటార్ సైకిల్ మీద వచ్చింది. దానికి సెలవు దొరికితే చాలు, నలుగురు దోస్తులను ఏసుకొని తొవ్వ లేని అడవులు పట్టి తిరుగుతది. గుట్టల నడుమ గుడారం ఏసుకొని పండుకొని, మర్నాడు ఒళ్లంత దుమ్ముతోని వస్తది. ఈసారి కడెం అవతలి గుట్టలకు పోతదట. బండికి కట్టుకునే సామాన్ల కోసం ఫోన్ల బొమ్మలు చూస్తుంది. ఒక దిక్కు తళతళ మెరిసే రేకు పెట్టెలు, ఇంకో దిక్కు మెత్తటి సంచులు. వాళ్ల నాన్న పెట్టెలే తీసుకోమన్నడట, తాళం ఏసుకోవచ్చు, దుమ్ము పోదని. నేను అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న. అది పరాచికానికి ఫోను నా ముంగట పెట్టి, "అమ్మమ్మా, నువ్వు చెప్పు, పెట్టెలా సంచులా?" అని అడిగింది.

"సంచులు," అని చెప్పిన నేను, చేతిల పని ఆపకుండ. "పడ్డప్పుడు పెట్టె కాలు ఇరగ్గొడతది. సంచి ఇరగ్గొట్టది. ఇంకోటి, రెండు దిక్కుల బరువు సమానం ఉండాలె, కిందికి ఉండాలె. నీ తలకాయ కంటె మీదికి ఏదీ లేవొద్దు."

పిల్ల నోరు తెరిచి చూసింది. "నీకెట్ల ఎరుక?"

ఇంట్ల అందరికి ఎరుకే అనుకున్న ఇన్నేండ్లు. చెప్తుంటే పిల్ల కాళ్లు ముడుసుకొని నా ముంగట్నే కూసున్నది. చిక్కుడుకాయలు అట్లనే ఉండిపోయినయి. పోయేటప్పుడు, ఇదంత కాయితం మీద పెట్టు అమ్మమ్మా అని మరీ మరీ చెప్పి పోయింది. అందుకే ఇది రాస్తున్న.

శ్రీరాంపూర్‌ల అప్పుడప్పుడే బొగ్గు బాయిలు తవ్వుతున్నరు. మా ఆయన బాయి వర్క్‌షాపుల ఫిట్టరు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్ల ముంగట ఒక అర్ర, వెనుక వంటిల్లు, దాని వెనుక జర వాకిలి. మా బాపు కాలం చేసినంక అవ్వను, అంటే నన్ను కన్న తల్లిని, సిరిసిల్లకెళ్లి మా దగ్గరికి తెచ్చుకున్నం. అవ్వ వచ్చిన మొదటి వారం అన్నం సరిగ తినలే. ఏందవ్వా అంటే, "మగ్గం లేని ఇంట్ల బుక్క దిగుతలేదు బిడ్డా," అన్నది. మా ఆయన లేసి, గడ్డపార తీసుకొని ముంగటి అర్రల బండలు లేపి, మగ్గం గుంత తవ్విండు. కంపెనీ క్వార్టర్ల గుంత తవ్వుడు నేరమే. ఎవలన్న సాబు చూడ వస్తే పైన తడక పరిచి, దాని మీద చాప ఏసి, అవ్వ దాని పక్కకు కూసొని బియ్యం ఏరుకునేది. అవ్వ మళ్ల గుంతల కాళ్లు పెట్టి కూసున్నంకనే మా ఇల్లు ఇల్లు లెక్క అయ్యింది. తెల్లారి బాయి కూత కూసిందంటే మా ఇంట్ల మగ్గం కొట్టుడు మొదలు. నూలుకు పెట్టిన గంజి వాసన, బొగ్గుల పొయ్యి పొగ, మా ఆయన అంగీకి అంటిన గ్రీజు వాసన, ఈ మూడు కలిసిన గాలి ఇప్పటికీ నా ముక్కుల ఉన్నది. బొగ్గు దుమ్ము తెల్ల నూలు మీద పడొద్దని అవ్వ కిటికీకి తడి గుడ్డ కట్టేది. పొద్దుగూకేవరకు ఆ గుడ్డ నల్లగ అయ్యేది. దాన్ని పిండుకుంట బాయిని, బొగ్గును, నన్ను, అల్లుడిని కలిపి తిట్టేది.

వెనుక వాకిట్ల ఉండేది మా ఆయన రెండో పానం, ఫట్‌ఫటి. మిలిటరోళ్లు పనికి రాదని అమ్మేసిన పాత మోటార్ సైకిల్. దాన్ని ఎడ్ల బండి మీద ముక్కలు ముక్కలుగ తెచ్చిండు. ఏడాది పొద్దు, డ్యూటీ దిగి వచ్చినంక ఒక్కొక్క ముక్క కడిగి, రుద్ది, అతికిచ్చిండు. అది మొదటిసారి మొరిగిన నాడు మా క్వార్టర్ల లైనుల కోళ్లన్ని కప్పులెక్కినయి. నేను నేర్చుకున్నది గమ్మతుగ నేర్చుకున్న. ఇంజన్ చప్పుడు ఇనుకుంట ఏదో సరిచేయాలె, నువ్వు దీని మీద కూసొని గట్టిగ పట్టుకో అని నన్ను కూసోబెట్టేటోడు. కూసోని కూసోని, "జర ముంగటికి పోనియ్యనా?" అని అడిగిన. ఆయన నవ్వి సరే అన్నడు. మట్టి కుప్పల పక్కన బయలు ఉండె, అక్కడ నేర్పిండు. మా దిక్కు ఆడోళ్లం గోచి పెట్టి చీర కట్టుకుంటం, బండి మీద అటొక కాలు ఇటొక కాలు ఏసి కూసునుడు నాకు కష్టం కాలే. కిక్కు కొట్టుడే కష్టం. నా బరువుకు అది కదిలేది కాదు. రెండు కాళ్ల మీద లేసి ఎగిరి దాని మీద పడేదాన్ని. ఒకసారి సాలు తప్పకుండ బయలు చుట్టు తిరిగి వచ్చి ఆయన ముంగట ఆపిన. ఆ సంతోషానికి నా చెవులల్ల ఇంజన్ మోత పొద్దూకేదాంక ఆగలే. అవ్వ తలుపు దగ్గర నిలబడి చూసి, "ఇది మొగ పుట్టుక పుట్టాల్సింది, జరంతల తప్పింది," అని లోపలికి పోయింది. అయినా ఆ రాత్రి నాకు పాలు రెండు గిలాసలు పోసింది.

మా అక్క రాజమణిని ఇచ్చింది ఆసిఫాబాద్ దాటినంక గుట్టలల్లికి. మా బావ జంగ్లాతు గార్డు. అడవి నడుమ ఒక చౌకి, దానికి ఆనుకొని వాళ్ల ఇల్లు, చుట్టు టేకు చెట్లు. పెండ్లయి పోయినంక అక్క మళ్ల ఇటు వచ్చింది లేదు, మేము పోయింది లేదు. ఎండకాలం నడుమ ఆసిఫాబాద్‌కెళ్లి వచ్చిన ఒక జవాను కబురు చెప్పిండు. అక్కకు నెలలు నిండుతున్నయి, మొదటి కాన్పు. పుట్టింటికి రావాలె గని బండిల కుదుపులకు పంపొద్దని అక్కడి మంత్రసాని చెప్పిందట. "అవ్వను పంపియ్యుండ్రి, మిరుగు పడకముందే," అని అక్క చెప్పి పంపింది. మిరుగు కార్తె వానలు పడితే వాగులు లేస్తయి, మళ్ల దసర దాంక ఆ దిక్కు మనిషి పోడు, రాడు. ఆసిఫాబాద్‌ల ఎడ్ల బండి మాట్లాడుదమంటే దుక్కులు దున్నే రోజులు, ఎడ్లను ఎవ్వలూ ఇయ్యరు. మా ఆయన వెంటనే తొడ చరిచిండు. "అత్తమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు. ఫట్‌ఫటి మీద నేను తీసుకపోత. నడుమ ఒక రాత్రి అడవిల ఆగుదం, రెండో నాడు బిడ్డ ముంగట దించుత."

అవ్వ ఆ మాట నమ్మింది. నమ్మి అదే పూట మూట కట్టుడు షురూ చేసింది.

ఇగ సామాను ఎట్ల తీసుకపోవాలె అన్న లొల్లి లేసింది. మా లైనుల ఒక్కో ఇల్లు ఒక్కో దిక్కుకెళ్లి వచ్చినోళ్లది. అందరు సలహా చెప్పేటోళ్లే. పక్కింటి ఫాతిమా ఆపా వాళ్ల ఆయన రైలుల తెచ్చిన హోల్డాల్, పరుపు చుట్టుకునే సంచి, ఇస్తనన్నది. అవ్వ పెద్ద చీరల మూట చేసి నడుముకు కట్టుకుంటనన్నది. మా ఆయన ఎవలి మాట ఇనలే. వర్క్‌షాపుల రెండు రేకు ట్రంకులు తయారు చేసి, ఇనుప పట్టీలతోని బండికి రెండు దిక్కుల బిగించిండు. ఆకుపచ్చ రంగేసిండు. చూసేటోళ్లకు కండ్లు చెదిరేటట్టు ఉండె. నాకు కూడ మస్తు నచ్చినయి, అబద్ధమెందుకు. పెట్టెలల్ల ఇటుకలు నింపి, సూసి వస్తనని గోదావరి ఇసుకకు పోయిండు. ఇసుకల బండి మెల్లగయ్యింది, ఒక పక్కకు ఒరిగింది, ఆపుదమని కాలు కింద ఆనిచ్చిండు. బండి ఆగలే. వెనుకకెళ్లి పెట్టె అంచు వచ్చి ఆయన పిక్క మీద కొట్టింది. కాలు ఇసుకల దిగబడి ఉండె, వెనుక ఇనుము, ఇటుకలు. బొక్క ఇరిగింది.

దవాఖాన్ల పట్టీ ఏసి తొడ దాంక సున్నం పోసి పంపిండ్రు. మంచంల పండుకొని ఆయన గోడ దిక్కు తిరిగిండు. అవ్వ లేసి లోపలికి పోయింది. వంటింట్ల కూసొని తన మూట ముడి ఇప్పి, శొంఠి కొమ్ములు, వాము, పిప్పళ్లు, పాత మెత్త చీరలు ఒక్కొక్కటి తీసి మళ్ల డబ్బలల్ల పెడుతుంది. అక్క కోసం కట్టిన ఎర్ర చీర ఒడిల పెట్టుకొని దాని అంచు మీద వేలు రాస్తుంది. అవ్వ ఏడ్చినా నేను తట్టుకుందును. ఆ డబ్బలు మూసే చప్పుడు మాత్రం నాతోని కాలే.

"అవ్వా, మూట ఇప్పకు," అన్న నేను. "నేను తోల్త."

మంచంల మా ఆయన ఇటు తిరిగిండు. వద్దంటడు, కోపం చేస్తడు అనుకున్న. "క్లచ్చి వైరు ఇంకోటి తీసుకపో. తొవ్వల తెగుతది," అన్నడు. అంతే.

పెట్టెలు పీకేసిన. ఇగ ఏం కట్టాలె? చాకలోళ్ల గాడిదల మీద మూటలు చూసిన. జంటగ ఉంటయి, వెన్ను మీదికెళ్లి అటొకటి ఇటొకటి ఏలాడుతయి. గాడిద పడ్డా మూట నలుగుతది గని గాడిద కాలు ఇరగదు. గట్లాంటిది కావాలె. బాయిలల్ల గాలి మళ్లించనీకి తారు పూసిన గోనె గుడ్డ తెరలు కడతరు. చినిగినయి బయట పారేస్తరు. మా ఆయన చెప్తే తోటి పనోళ్లు అసొంటివి చుట్ట చుట్టి తెచ్చి ఇచ్చిండ్రు. నీళ్లు దిగయి, ముండ్లకు చినగయి. వాసన మాత్రం రెండు దినాలు ఇంట్ల ఎవ్వలం సరిగ తిననియ్యలే. లోపలికి అవ్వ నేసిన దొడ్డ నూలు గుడ్డ కుట్టినం. అప్పుడు మగ్గం మీద ఎవలికో దుప్పటి నేస్తుంది. నేసింది నేసినట్టు కోసి నా చేతిల పెట్టి, "వాళ్లకు ఇంకోటి నేస్త," అన్నది. నేసే మనిషి సగం బట్ట మగ్గం మీదికెళ్లి కోసుడంటే ఏందో నేసే ఇండ్లల్ల పుట్టినోళ్లకే తెలుస్తది. తెగిన మిషిను పట్టాలు కూడ వాళ్లే తెచ్చిండ్రు, వాటితోని మా ఆయన మంచంల కూసొనే సంచులకు బిగించే పట్టాలు కుట్టిండు. దబ్బనం వేలుకు గుచ్చుకుంటే చీకేసుకుంట, ఇక్కడ రెండు కుట్లెయ్యి, అక్కడ ఇంకోటెయ్యి అని నాకు చెప్పుకుంట.

తర్వాత సామాను. అవ్వకు అన్నీ కావాలె. నూరుడు రాయి కావాలంటది. "అవ్వా, ఆ ఊళ్లె రాళ్లు లేవా, అడివంత రాళ్లే," అంటే, "ఈ రాయి మీద నూరిన బాలింత కాయమే నేను నమ్ముత," అంటది. ఒక పూట ఆ రాయి గురించే కొట్లాట. సంచి నింపి, అరుగు మీదికెళ్లి కింద పడేసి చూసిన. నెయ్యి సీస పలిగింది. నెయ్యి ఇత్తడి డబ్బల పోసి, దాన్ని పాత చీరల చుట్టి నడుమల పెట్టినం. మళ్ల పడేసిన. ఏం కాలే. రెండు సంచులు బట్ట చుట్టే మగ్గం దోనె కర్రకు అటొకటి ఇటొకటి ఏలాడదీసి, కర్ర ఏ దిక్కుకు ఒరిగితే ఆ దిక్కు సామాను తీసి ఇంకో దిక్కు పెట్టినం. రాయి వల్లనే కర్ర ఒరుగుతుందని అవ్వ కండ్లతోని చూసింది. చూసి, దాన్ని తనే తీసి గోడకు పెట్టింది. బరువైనయి అడుగున, తొవ్వల కావలసినయి పైన. పైన తార్పాల్, తాడు, సద్ది రొట్టెలు, అటుకులు, చింతతొక్కు. చిన్న పెట్రోలు డబ్బ ముంగట. అన్నీ అయినంక బండి మీద ఏసి చూస్తే, అది కడుపుతోని ఉన్న బర్రె లెక్క కనవడ్డది. ఫాతిమా ఆపా నవ్వి నవ్వి కూలబడ్డది.

తెల్లారగట్ల బయలెల్లినం. నేను మా ఆయన పాంటు తొడిగి, దాని మీదికెళ్లి గోచి పెట్టి చీర కట్టి, తలకు తువ్వాల చుట్టిన. అవ్వ నా వెనుక, రెండు సంచుల నడుమ కుర్చీల కూసున్నట్టు. లైను లైనంత బయటికొచ్చింది. మా ఆయన మంచం గుమ్మంల ఏపిచ్చుకొని కూసున్నడు. కిక్కు మొదటి దెబ్బకే పట్టుకున్నది. ఇగ చూడలే నేను వెనుకకు. బెల్లంపల్లి దాటి తొవ్వ తేటగ అయినంక, ఎండ ఎక్కకముందు, ఆ చల్లటి గాలి మొఖానికి కొడుతుంటే నేను ఏదో ఒర్రిన. ఏం ఒర్రిననో నాకే తెల్వది. అవ్వ నా నడుము గట్టిగ పట్టుకొని, "మెల్లగనే!" అంటదనుకున్న. అవ్వ ఏమన్నదో తెలుసా? "ఇంకా ఉరుకుతదా ఇది?" అన్నది.

ఆసిఫాబాద్‌ల పోలీసు జవాను ఒకాయన చెయ్యి అడ్డం పెట్టిండు. "ఏయ్, రుకో! ఎవరిది బండి? మరద్ ఏడి?"

నేను బండి ఆపి కాళ్లు కింద ఆనిచ్చిన. అవ్వ వెనుకకెళ్లి, "మరద్ కాలు ఇరిగి మంచంల పన్నడు బిడ్డా. నా పెద్ద బిడ్డకు నొప్పులొస్తున్నయి గుట్టలల్ల. నువ్వు తోల్తవా చెప్పు, ఇది దిగుతది," అన్నది.

ఆయన నా దిక్కు చూసిండు, అవ్వ దిక్కు చూసిండు, సంచులను చేత్తోని ఒత్తి చూసిండు. నవ్వాపుకొని, "జర సంభాలించుకొని పోండ్రి," అని చెయ్యి తీసిండు. అక్కకు అప్పటికి నొప్పులు రాలే. అవ్వ అంత సాఫుగ అబద్ధమాడుడు నేను గప్పుడే చూసిన.

పట్నం దాటినంక తొవ్వ అంటే తొవ్వ కాదు, బండ్ల చక్రాల గాడి. ఎర్ర గులకరాళ్ల దిగుడు మీద వెనుక చక్రం జారింది. పడ్డం. పడేటప్పుడు నాకు మా ఆయన పిక్కే యాదికొచ్చింది. బండి సంచి మీద ఒరిగి ఆగింది, నేలకు బండికి నడుమ జాగ ఉండె, కాలు దాంట్లకెళ్లి మెల్లగ గుంజుకున్న. గీరుకపోయింది, అంతే. అవ్వ అవతలి సంచి మీద పరుపుల కూసున్నట్టు కూసొని ఉన్నది.

"అవ్వా! దెబ్బ తాకిందా?"

"నాకేం కాలే. నెయ్యి డబ్బ చూడు."

నెయ్యి చుక్క కూడ కారలే. నాకు నవ్వొచ్చింది, అవ్వకు నవ్వొచ్చింది. ఆ అడవిల, బండి పక్కకు పడి ఉంటే, ఇద్దరం పొట్టలు పట్టుకొని నవ్వినం. ఆ తర్వాత ఇంకో రెండు మూడు మాట్ల పడ్డం గని మాకు భయం పోయింది. లేసుడు, దులుపుకునుడు, మళ్ల ఎక్కుడు.

పొద్దు వాలేటాళ్లకు ఒక బండ దగ్గర ఆపినం. తార్పాల్ ఒక కొస హాండిలుకు, ఇంకో కొస మద్ది చెట్టుకు కట్టిన. సంచులు దించి తలకింద పెట్టుకునేటట్టు చేసిన. అవ్వ మూడు రాళ్లు పెట్టి చాయ కాసింది. ఆమె జిందగీల నాలుగు గోడల బయట పండుకున్నది లేదు. చాయ తాగుకుంట చుట్టు చూసి, "పుట్టినకాన్నుంచి నా కాళ్లు గుంతల్నే ఉండె బిడ్డా," అన్నది. "ఎంత దూరం ఉందో చూడు లోకం." పులులుంటయని పళ్లెం, గరిట దగ్గర పెట్టుకున్నది గని, నేను తల వాల్చకముందే ఆమె గుర్రు మొదలయ్యింది.

మర్నాడు పొద్దుగాల ఆఖరి వాగు. ఇక్కడ చినుకు లేదు, ఎగువ ఎక్కడో పడ్డది. వాగుల ఎర్ర నీళ్లు ఉరుకుతున్నయి. అవతలి ఒడ్డుకు తొవ్వ కనిపిస్తుంది, దాని మీద రెండు కోసులు పోతే అక్క ఇల్లు. అవ్వ మొఖం చూసిన. ఒడ్డున పశువులు మేపుతున్న గోండు ఆలుమొగలు మమ్ముల చూసి దగ్గరికొచ్చిండ్రు. వాళ్ల మాట మాకు రాదు. అవ్వ తన కడుపు మీద చెయ్యితోని పెద్దగ గుండ్రం గీసి, గుట్ట దిక్కు చూపించి, "గార్డు... బిడ్డ..." అన్నది. ఆ ఆడామె వెంటనే తల ఊపింది. చీర ఎగ్గట్టి నీళ్లల్ల దిగి, అటు దాంక నడిచి చూపించింది. నడుము మీదికి రాలే. ఆమె మొగడు గూడెం దిక్కు కేకేస్తే ఇంకో నలుగురొచ్చిండ్రు.

సంచులు ఒక్క పట్టా ఇప్పితే ఊడొచ్చినయి. ఒకటి ముంగటికి, ఒకటి వెనుకకు నా భుజం మీద ఏసుకొని దాటిన. నీళ్లు సంచి అడుగు దాంక వచ్చినయి గని లోపలికి పోలే. రేకు ట్రంకులైతే వాటినెట్ల మోస్తుంటి! బండికి రెండు బొంగులు కట్టి, పెండ్లికొడుకును మోసినట్టు గూడెపోళ్లు మోసుకొచ్చిండ్రు. అవ్వను ఆ ఆడామె చెయ్యి పట్టుకొని తెచ్చింది. ఒడ్డెక్కినంక బండి మొరగలే. కిక్కు కొట్టిన, కొట్టిన, ఎగిరి పడ్డ. ప్లగ్గు ఇప్పి, పైట కొంగుతోని తుడిచి, ఊది, మళ్ల బిగించిన. చుట్టు మనుషులు నిలబడి చూస్తుండ్రు. అది ఒక్క దగ్గు దగ్గింది. మళ్ల కొట్టిన. గుట్టలు దద్దరిల్లేటట్టు పట్టుకున్నది. గూడెపోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. ఆ ఆడామె నా చేతిల ఇప్పపూల పొట్లం పెట్టి, సంచిని తట్టి నవ్వింది.

చౌకి కనిపించింది. వాకిట్ల అక్క, నిండు కడుపు మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డది. ఫట్‌ఫటి చప్పుడు ఆ అడవిల పెద్ద సాబు వస్తేనే ఇనిపిస్తది. తలకు తువ్వాల, మొఖం నిండ దుమ్ము, కాళ్లకు పాంటు. అక్క లోపలికి తిరిగి, "ఏమయ్యా, సాబొచ్చిండు!" అని ఒర్రింది. బావ టోపీ పెట్టుకొని, అంగీ గుండీలు పెట్టుకుంట ఉరికొచ్చి, నా ముంగట అటెన్షన్‌ల నిలబడి సలాం కొట్టిండు. నేను తువ్వాల తీసిన. బావ చెయ్యి నొసట్నే ఉండిపోయింది.

"కమలా?" అన్నది అక్క. ఇంతల నా వెనుకకెళ్లి అవ్వ దిగింది. అక్క ఒక్క అడుగేసి ఆగింది. అవ్వ పోయి, ఏడుపు గీడుపు ఏం లేకుండ, రెండు చేతులతోని అక్క కడుపు పట్టి చూసి, "కిందికి దిగింది. ఇంక నాలుగొద్దులు," అన్నది. గప్పుడు అక్క అవ్వ మెడల తలకాయ పెట్టి ఏడ్చింది.

నాలుగొద్దులు కూడ ఆగలే. వాన మొదలైన పూటనే ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది. మంత్రసాని ఒక దిక్కు, అవ్వ ఒక దిక్కు. బయట వాగు మోత, లోపల అక్క అరుపులు. అవ్వ ఏది అడిగితే అది సంచిలకెళ్లి తీసి ఇచ్చిన. పొడి గుడ్డలు పొడిగనే ఉన్నయి, కాయం డబ్బ, నెయ్యి, వాము అన్నీ చేతికి అందే జాగల ఉన్నయి. పిల్ల ఏడ్చినంక బావ బయట వానల నిలబడి, తడుసుకుంట, నవ్వుకుంట ఉండిపోయిండు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన కట్టిండ్రట. నా మనుమరాలు వంతెన లేని జాగ ఎక్కడుందని మ్యాపుల ఎతికి మరీ పోతది. మేము వేరే తొవ్వ లేక పోయినం, అది తొవ్వ లేదనే పోతది. నాకు దాని మీద కోపం లేదు. ఆ పిచ్చి నాకెరుకే. దానికి తొవ్వల ఏది చెడినా ఫోను చేస్తే మనిషొస్తడు. మాకు గొంతెత్తి కేకేస్తే మనుషులొచ్చిండ్రు. ఏది నయమో నేను తేల్చలేను. మా లైనుల ఇరువై ఇండ్లు మమ్ముల సాగనంప నిలబడ్డయి. దాన్ని సాగనంపనీకి నేనొక్కదాన్నే అరుగు మీద ఉన్న. ఇది మాత్రం నన్ను జర నొప్పి పెట్టింది.

వానలు తెరిపిచ్చేదాంక నేను గుట్టలల్నే ఉన్న, అక్కడ మా ఆయనకు బువ్వ ఫాతిమా ఆపా పెట్టింది. అవ్వ పిల్లను ఇడిచి రానన్నది. దసర ముంగట మా ఆయన వచ్చిండు, అడవికి బొంగుల కోసం వచ్చే బండి పట్టుకొని. కాలు జర గుంజుకుంట, చేతిల కర్ర పట్టుకొని దిగిండు. నన్ను పలకరించకముందే ఫట్‌ఫటి చుట్టు తిరిగిండు. గొలుసు ఒత్తి చూసిండు, వైరు గుంజి చూసిండు, సంచుల కుట్లు ఒక్కొక్కటి వేలుతోని చూసిండు.

"మంచిగ ఉంచినవు," అన్నడు.

పోయే పూట నేను బండిని వాకిట్లకు తెచ్చి హాండిలు ఆయన దిక్కు తిప్పిన. "పట్టుకో."

"నా కాలింక కిక్కు కొట్టదు," అన్నడు. మా బావ ఇనకుండ మెల్లగ అన్నడు, "కొడుతదేమో. గని నేను ఎన్నడు వెనుక కూసోలే. ఎట్లుంటదో చూస్త."

కర్రను సంచి పట్టాల దోపి, నా వెనుక ఎక్కిండు. నేను ఎగిరి కిక్కు మీద పడ్డ. అక్క పిల్లను ఎత్తి చూపించింది, అవ్వ చెయ్యి ఊపింది. పోయేటప్పటి ఎర్ర గులకరాళ్ల దిగుడు, ఇప్పుడు ఎక్కుడు, వచ్చేదాంక ఆయన మంచిగనే కూసున్నడు. చక్రం జారంగనే రెండు చేతులతోని నా నడుము కరుసుకొని, "మెల్లగ! మెల్లగనే! రెండో గేరు, రెండో గేరు!" అని ఒర్రిండు.

"మాట్లాడకుండ పట్టుకొని కూసో," అన్న నేను, గేరు మార్చకుండనే.